వాయిదాల మీద వారసత్వం

"మిగతావన్నీ ఉత్త కార్లండీ. దీనికి ఆత్మ ఉంది."

పాతకాలం వేషం వేసుకొచ్చిన డాడ్జ్ ఛాలెంజర్‌ని కొన్న ప్రతి పెద్దమనిషీ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అంటాడు. బానెట్ మీద చెయ్యి వేసి, గొంతు కాస్త తగ్గించి మరీ అంటాడు. ఆ వెంటనే 1970 సంగతి ఎత్తుకుంటాడు. ఆనాటి అమెరికా, ఆనాటి ఇనుము, ఆనాటి స్వేచ్ఛ! ఇప్పుడొస్తున్నవన్నీ చక్రాలు తగిలించిన సెల్‌ఫోన్లట. ఇంత విన్నాక కూడా కళ్లు చెమర్చకపోతే అది విన్నవాడి పాపం.

ఆత్మ ఉందన్నాక జన్మలు కూడా ఉండాలి కదా. ఉన్నాయి. ఆ లెక్క ఒకసారి చూద్దాం.

మొదటి జన్మ 1970 మోడల్‌గా. అప్పటికి ఫోర్డ్ మస్టాంగ్ వచ్చి ఆరేళ్లు కావస్తోంది, షెవర్లే కమారో కూడా కుదురుకుంది. క్రైస్లర్ కంపెనీ తీరిగ్గా, విస్తళ్లు ఎత్తేశాక పెళ్లికొచ్చిన చుట్టంలా, తన డాడ్జ్ పేరు మీద ఛాలెంజర్‌ని రంగంలోకి దించింది. 1974లో ఎత్తేసింది. రెండో జన్మ 1978 మోడల్‌గా. ఈసారి జపాన్‌లో మిత్సుబిషి తయారుచేసిన నాలుగు సిలిండర్ల బుల్లి కారుకు ఇదే పేరు అతికించి 1983 దాకా అమెరికాలో అమ్మారు. పేరు అదే, అమ్మిన కంపెనీ అదే. దాన్ని తలుచుకుని కన్నీరు పెట్టుకున్నవాడు నాకింతవరకూ తగల్లేదు. ఆ జన్మలో ఆత్మ సెలవు పెట్టిందనుకోవాలి.

మూడో జన్మ 2008లో. మనవాళ్లు బెంగ పెట్టుకున్నది దీని మీదే. 2006 డెట్రాయిట్ ఆటో షోలో నమూనా చూపించేనాటికి క్రైస్లర్ జర్మనీ వాళ్ల డైమ్లర్ చేతిలో ఉంది. అందుకే పైన చొక్కా 1970దైనా లోపలి ఎముకలు వేరు. చట్రం క్రైస్లర్ పెద్ద సెడాన్లది. ఆ చట్రానికి వెనక సస్పెన్షన్ మెర్సిడెస్ ఈ-క్లాస్ నుంచి, ముందరిది ఎస్-క్లాస్ నుంచి అరువు తెచ్చుకున్నవి. అయిదు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సూ మెర్సిడెస్‌దే. వీ-8 హెమీ ఇంజన్లు తయారైంది మెక్సికోలోని సాల్టియోలో. బండి బిగించింది కెనడాలోని బ్రాంప్టన్‌లో. 2009లో కంపెనీ దివాలా తీస్తే ప్రభుత్వ ఖజానా నిలబెట్టింది, ఇటలీ ఫియట్ చెయ్యి పట్టుకుంది. 2021 నుంచి యజమాని స్టెల్లాంటిస్. దాని ప్రధాన కార్యాలయం నెదర్లాండ్స్‌లో.

అసలు సిసలు అమెరికన్ కండ అంటే ఇదీ. జర్మనీ ఎముకలు, మెక్సికో గుండె, కెనడా పురుడు, ఐరోపా పెత్తనం. ఇందులో అమెరికాది ఏముందయ్యా అంటే, బెంగ ఒక్కటే.

సరే, కంపెనీల సంసారాలు మనకెందుకు? 1970కే వెళ్దాం. "ఆ రోజుల్లో ఒక్కో బండీ ఒక్కో సింహం" అంటారు. ఆ ఏడాది తయారైన ఛాలెంజర్లు 70 వేల పైచిలుకు. అందులో పేరుమోసిన 426 హెమీ ఇంజన్ పెట్టినవి 400 కూడా లేవు. మిగతావాటిలో మామూలు ఇంజన్లే. అన్నిటికంటే చౌక రకంలో ఆరు సిలిండర్లతో సరిపెట్టారు. అప్పట్లో ఛాలెంజర్ ఉన్న వీధుల్లో నూటికి తొంభైతొమ్మిది వీధుల వాళ్లు హెమీ మొహం ఎరగరు. ఇప్పుడు మాత్రం అందరి జ్ఞాపకాల్లోనూ హెమీయే గర్జిస్తోంది. ఎవరి పెరట్లోనూ లేని సింహం అందరి కలల్లోకీ ఎలా దూరిందో కంపెనీ ప్రకటనల శాఖనే అడగాలి.

ఆనాటి హార్స్‌పవర్ లెక్కలదీ అదే తంతు. ఇంజన్‌ని కారులోంచి బయటపెట్టి, దాని శక్తి తినే సరంజామా తీసేసి, బల్ల మీద కొలిచి ఆ అంకెను గొప్పగా అచ్చేసేవారు. 1972 మోడళ్ల నుంచి బండిలో ఉండే సామానంతా తగిలించి కొలవడం మొదలుపెట్టేసరికి అంకెలు ఢామ్మని పడిపోయాయి. పాత రోజుల మీద ప్రేమ మాత్రం ఇప్పటికీ పాత పద్ధతిలోనే, సామానంతా తీసేసి కొలుస్తున్నారు.

ఆ తీసేసిన సామాను ఏమిటంటే: మామూలు మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఎయిర్‌బ్యాగ్ లేదు. ట్యాంకులో పోసేది సీసం కలిపిన పెట్రోలు. 1970 ఒక్క ఏడాదిలో అమెరికా రోడ్ల మీద చనిపోయినవాళ్లు 50 వేలకు పైనే. ఇక స్వేచ్ఛంటారా, 1969 డిసెంబరులో కుర్రాళ్ల పుట్టిన తేదీలు చీట్లు తీసి ఎవరు ముందు వియత్నాం వెళ్లాలో తేల్చింది ప్రభుత్వం. ఆ మరుసటి మే నెలలో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో యుద్ధం వద్దన్న విద్యార్థుల మీద కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. ఇవన్నీ అప్పట్లో ఇరవై ఏళ్ల వయసున్న వాళ్ల జ్ఞాపకాలే. మరి వీటికి రెట్రో ఎడిషన్ ఎందుకు రాలేదో!

ఇంకో మాట. ఈ కార్లని ముందుగా వదిలించుకున్నది కూడా ఆ కాలం వాళ్లే. పెద్ద ఇంజను, చిన్న వయసు చూసి బీమా కంపెనీలు ప్రీమియం పెంచాయి. పొగ మీద చట్టాలు బిగిశాయి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేసరికి బంకుల దగ్గర బారులు మొదలయ్యాయి. ఆత్మ, ఆత్మ అని ఎవరూ దాన్ని కావలించుకుని కూర్చోలేదు. మైలేజీ ఎంతిస్తుందని అడిగి వేరే బండి చూసుకున్నారు. ఆత్మ సంగతి ముప్పై ఏళ్ల తర్వాత గుర్తొచ్చింది, చేతిలో డబ్బు ఆడాక.

డబ్బంటే గుర్తొచ్చింది. 1970లో ఛాలెంజర్ ధర 3 వేల డాలర్ల లోపు నుంచే మొదలయ్యేది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు కిందామీదా పడి కొనుక్కోగలిగేవాడు. అసలు ఈ జాతి కార్ల కిటుకే అది: మామూలు కారు చట్రం, పొగరుబోతు రూపం, కుర్రాడికి అందే ధర. చివరగా వచ్చిన డీమన్ 170 రకం ధర 96,666 డాలర్ల దగ్గర మొదలైంది. పాత రోజుల నుంచి హెడ్‌లైట్లు తెచ్చారు, బానెట్ మీది గీతలు తెచ్చారు, నేరేడుపండు రంగు కూడా తెచ్చారు. ధర ఒక్కటీ దార్లో ఎక్కడో జారిపోయింది. యువకుల కోసం పుట్టిన బండిలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నది మోకాళ్ల నొప్పుల వాళ్లు. తలుపు పొడుగు, సీటు పల్లం. దిగేటప్పుడు వాళ్లు తీసే మూలుగు ముందు ఇంజన్ గర్జన ఏపాటిది?

ఇందులో మన వాటా కూడా ఉంది. డల్లాస్ శివార్లలో మన సాఫ్ట్‌వేర్ సోదరులు కొందరు ఈ భక్తబృందంలో చేరారు. పుట్టింది 1978లో ఖమ్మంలోనో తెనాలిలోనో. నాన్నగారు బజాజ్ స్కూటరు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇల్లు. ఆయన చేతక్‌ని ఒక పక్కకి వంచి, లేపి, కిక్కు మీద కిక్కు కొడుతుంటే, ముందు నిలబడ్డ తమ్ముడూ వెనక కూర్చున్న అమ్మా స్టార్ట్ కావాలని దేవుడికి మొక్కుకున్న బాల్యం. అలాంటివాడు ఇప్పుడు ఫ్రిస్కోలో గరాజ్ తలుపెత్తి, "మా రోజుల్లో డెట్రాయిట్..." అని మొదలుపెడతాడు. నాయనా, మీ రోజుల్లో డెట్రాయిట్ కాదు, డోర్నకల్ జంక్షన్. నీ 1970 నీకు హాలీవుడ్ సినిమాల్లో దొరికింది. సినిమా చూసి ముచ్చటపడటం తప్పేం కాదు. ముచ్చటను జ్ఞాపకం కింద జమకట్టడమే చోద్యం. అక్కడ బజాజ్ వాళ్లూ తక్కువ తినలేదు, 2020లో చేతక్‌ని ఎలక్ట్రిక్ బండిగా మళ్లీ తెచ్చారు. దాన్ని ఎంత వంచినా లాభం లేదు.

ఈ భక్తి ఎంతదాకా పోయిందో చూడాలంటే ఛాలెంజర్ ముందు వంగి బంపరు కింద చూడండి. కొన్ని బండ్లకి అక్కడ పసుపురంగు ప్లాస్టిక్ పట్టీలు కనిపిస్తాయి. అవి అందం కోసం పెట్టినవి కావు. ఫ్యాక్టరీ నుంచి షోరూముకు లారీల మీద వచ్చేటప్పుడు ముందు అంచు గీసుకుపోకుండా తగిలించిన రక్షణ పట్టీలు. బండి ఇచ్చేముందు డీలరు పీకి పారెయ్యాలి. కొన్నవాళ్లు పీకనివ్వలేదు! "అది దాని లుక్కండీ" అన్నారు. ఉంచాలా తియ్యాలా అని ఏళ్ల తరబడి రెండు వర్గాలుగా చీలి వాదించుకున్నారు. కొత్త సోఫా మీది పాలిథీన్ కవరు తియ్యని మన ఇళ్లను చూసి నవ్విన దేశమే ఇది.

ఇక తాళాలు. 2015 మోడల్ హెల్‌క్యాట్‌కి 707 హార్స్‌పవర్. దానికి రెండు తాళంచెవులిచ్చారు. ఎర్రది వాడితే మొత్తం శక్తి, నల్లది వాడితే 500 దగ్గర ఆగుతుంది. ఆత్మ ఎర్ర తాళంలో ఉంటే, ఆత్మనిగ్రహం నల్లతాళంలో ఉందన్నమాట. ఊళ్లో తిరిగితే గాలన్‌కు 13 మైళ్లు, మన లెక్కలో లీటరుకు అయిదున్నర కిలోమీటర్లు. ఇంత సరంజామాతో ఆ బండి రోజూ వెళ్లేది ఆఫీసుకు, వారాంతంలో కూరగాయలకు. రెండు సంచుల బియ్యం, పెరుగు డబ్బా, కరివేపాకు కట్ట. వాటి వెనక 707 గుర్రాలు.

అన్నిటికంటే పెద్ద ముచ్చట చప్పుడుది. "ఆ శబ్దంలోనే ఉందండీ ప్రాణమంతా" అంటారు. కంపెనీలు ఆ మాట శ్రద్ధగా విన్నాయి. 2015 మస్టాంగ్‌లో నాలుగు సిలిండర్ల ఇంజను గొంతు పీలగా ఉందని, స్పీకర్లలోంచి ఇంజన్ చప్పుడు వినిపించింది ఫోర్డ్. ఛార్జర్ డేటోనా అనే ఎలక్ట్రిక్ కారు తెచ్చినప్పుడు డాడ్జ్ ఇంకో మెట్టు ఎక్కింది. ఇంజనే లేని కారు వెనక యాంప్లిఫయరు, స్పీకర్లు బిగించి, 126 డెసిబెల్స్ దాకా మోగుతుందని చెప్పుకుంది. ప్రాణం చప్పుడులోనే ఉంటే అది స్పీకర్లోనూ ఉన్నట్టే. అప్పుడు లక్ష డాలర్ల కారెందుకు, పెళ్లిపందిట్లో మైకు సెట్టు చాలదూ?

కంపెనీ మటుకు చాలా తెలివైనది. 2022 ఆగస్టులో "లాస్ట్ కాల్" అని ప్రకటించి, ఛాలెంజర్‌కీ, పెట్రోలు ఛార్జర్‌కీ కలిపి ఏడు ప్రత్యేక ఎడిషన్లు తెచ్చింది. ఆ 2023 మోడళ్లన్నిటికీ బానెట్ కింద స్మారక ఫలకం బిగించింది. పోయినవాళ్లకు మాసికాలు పెట్టడం చూశాం గానీ, బతికుండగానే ఏడు మాసికాలు పెట్టి, ఒక్కోదానికీ టిక్కెట్టు అమ్మడం ఇక్కడే చూశాం. 2023 డిసెంబరులో బ్రాంప్టన్‌లో ఆఖరి బండి బయటికొచ్చింది. అదే గుంపుకు చెందిన రామ్ కంపెనీ, తన 1500 రకం పికప్ ట్రక్కులోంచి హెమీ ఇంజన్ తీసేసి, 2025లో మళ్లీ పెట్టి, పక్కన "నిరసన చిహ్నం" అని ఒక బ్యాడ్జి అతికించింది. ఎవరి మీద నిరసన? తీసేసింది తనే కదా! తన నిర్ణయం మీద తానే నిరసన తెలిపి, ఆ నిరసనను కూడా ట్రక్కుతో కలిపి అమ్మిన ఘనత ఉద్యమాల గడ్డ తెలంగాణకు కూడా దక్కలేదు.

"ఎవడి డబ్బు వాడిది, మధ్యలో మీకెందుకు కడుపుమంట?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొనుక్కోవడం మీద నాకు పేచీ లేదు. 2008 తర్వాతి ఛాలెంజర్ 1970 నాటి దానికంటే అన్ని విధాలా మంచి బండి. బాగా ఆగుతుంది, బాగా తిరుగుతుంది, గుద్దుకుంటే మనిషిని బతికిస్తుంది. ఇదంతా పాత రోజుల పుణ్యం కాదు. పాత రోజుల తర్వాత వచ్చిన చట్టాలు, ఇంజనీర్లు, కంప్యూటర్లు పెట్టిన భిక్ష. ఆ భిక్ష తింటూ, "చట్టాలొచ్చి కార్లను నాశనం చేశాయి" అని అదే కార్లో ఏసీ వేసుకుని కూర్చుని తిట్టడం దగ్గరే నా పేచీ. పొగ చట్టాలు, భద్రతా నిబంధనలు, ఎలక్ట్రిక్ కార్లు ఏవొచ్చినా అడ్డం వేయడానికి ఈ తెచ్చిపెట్టుకున్న బెంగే వాదనగా వాడుతున్నారు. అనుభవించని గతాన్ని అడ్డుపెట్టి, పిల్లలు అనుభవించబోయే గాలి మీద తీర్పులిస్తున్నారు.

కాబట్టి ఛాలెంజర్ అభిమాన సోదరులారా, నచ్చితే నడుపుకోండి, తుడుచుకోండి, ఫొటోలు తీసుకోండి. బంపరు కింద పసుపు పట్టీలు మాత్రం పీకెయ్యండి. పొద్దున్నే అయిదున్నరకు వీధిలో ఎర్ర తాళం బయటికి తియ్యకండి, పక్కింట్లో పసిపిల్లలుంటారు. నచ్చింది, కొన్నానని చెప్పండి చాలు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వారసత్వం, చరిత్ర, ఆత్మ అంటూ పెద్ద మాటలు వద్దు. ఆ కాలం మనది కాదు. కారు మనదే, అదీ ఆఖరి వాయిదా కట్టాకే.