గ్రేట్ డేన్ పిల్లల ప్రకటన: టీకా తాత్పర్యాలు

మూలం

రిజిస్టర్డ్ బ్రీడర్ వద్ద గ్రేట్ డేన్ పిల్లలు. కె.సి.ఐ. పేపర్లు గలవు. తండ్రి ఇంపోర్టెడ్. 45 రోజులు. హెవీ బోన్. ఫిక్స్‌డ్ ప్రైస్.

అవతారిక

జాతి కుక్కను పెంచ సంకల్పించిన గృహస్థుని నిమిత్తం వెలువడిన ఈ ప్రకటన పైకి ద్రాక్షాపాకంగా, అనగా నోట వేసుకోగానే రుచించేదిగా, తోచినా, చెప్పినదానికన్నా చెప్పక విడిచినది ఎక్కువైనందున నారికేళపాకంగానే, అనగా పగలగొడితేగాని లోపలిది అందనిదిగానే, గ్రహించవలసి ఉంది గనుక ఈ వ్యాఖ్యానం ఆరంభింపబడుతున్నది.

టీక

రిజిస్టర్డ్ = నమోదైన. ఇది శ్లేష, అనగా ఒకే మాటలో రెండర్థాలు ఇమిడిన అలంకారం. చెన్నై కేంద్రంగా గల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో, అనగా మూలంలోని కె.సి.ఐ.లో, కుక్కల వంశం నమోదు కావటం ఒక అర్థం; కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావటం రెండవ అర్థం. మొదటిది చూపించి రెండవది కూడా ఉన్నట్లు ధ్వనింపజేయటంలో ప్రకటనకర్త ప్రతిభ వ్యక్తమవుతున్నది.

గ్రేట్ డేన్ = పేరు డెన్మార్కుది, జాతి రూపుదిద్దుకున్నది జర్మనీలో.

పేపర్లు = వంశపత్రం, శునక ప్రవర. గలవు = ఉన్నవి. అయితే ముందు "రా" అనే అక్షరాన్ని అధ్యాహారం చేసి, అనగా వాక్యంలో లేనిదాన్ని అర్థం కుదరటానికి బయటినుంచి తెచ్చుకొని, "రాగలవు" అని చదివితే లోకానుభవానికి దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ పూర్వపక్షం: పేపర్లున్న పిల్ల ఆరోగ్యవంతమైనదే కదా? కాదు. ప్రవర వంశాన్ని చెబుతుందే గాని తుంటిని చెప్పదు. తొడ ఎముక తల తుంటి గిన్నెలో సరిగా ఇమడక, కీలు వదులై క్రమేణా అరిగిపోయే హిప్ డిస్‌ప్లేజియా పెద్ద జాతులలో వంశపారంపర్యంగా వచ్చేది గనుక, తల్లిదండ్రులిద్దరి తుంటి ఎక్స్‌రేలు, ఈ జాతికి గుండె కండరాల జబ్బు కూడా ఉన్నందున గుండె పరీక్షల కాగితాలు అడగటమే సిద్ధాంతం.

తండ్రి ఇంపోర్టెడ్ = జనకుడు విదేశీయుడు. తల్లి ప్రసక్తి లేకపోవటం గమనార్హం. నిబంధనల ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కను ఈతకు వాడరాదు గనుక చూడవలసినది తల్లినే. పొదుగు ఇంకా వేలాడుతూ, ఒళ్లు కాస్త తీసిపోయి, పాలకోసం పిల్లలు ఎగబడితే గుర్రుమని పక్కకు జరిగేది తల్లి. నున్నగా దువ్వి తీసుకురాగా, పిల్లలు ఒకసారి వాసన చూసి వదిలేసే కుక్క విషయంలో అది ఆహార్యాభినయం, అనగా వేషంతో సాగే నటన, అని శంకించవచ్చు. "తల్లి ఫార్మ్‌హౌస్‌లో ఉందండీ" అనే వాక్యం ఈ రంగంలో బహుళ ప్రచారంలో ఉన్నది.

45 రోజులు = పిల్లల వయసు. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదని నిబంధన. అనగా 56 రోజులు. నేరాన్ని గుణంగా వర్ణించిన ఈ పదానికి అలంకార గ్రంథాలలో తగిన పేరు వెదకవలసి ఉంది.

హెవీ బోన్ = లావుపాటి ఎముక గలది. దీన్ని నిలబెట్టాలని కొన్నవారు పిల్లకు విడిగా కాల్షియం సిరప్ పట్టిస్తారు. లేత వయసులో పేగు అదనపు కాల్షియాన్ని అడ్డుకోలేక పీల్చుకోవటం వల్ల పెరిగే ఎముకే వంకర పోతుంది. పెద్ద జాతి పిల్లలకని తయారైన ఆహారంలో కాల్షియం తగుమాత్రంగా ఉంటుంది.

తాత్పర్యం

అడ్వాన్సు పంపండి, ప్రశ్నలు పంపకండి.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో "ఫిక్స్‌డ్ ప్రైస్" స్థానంలో "స్లైట్లీ నెగోషియబుల్" అనే పాఠం కనబడుతున్నది. ప్రక్షిప్తమని, అనగా తరువాత ఇతరులు చొప్పించినదని, కొందరు దానిని తిరస్కరించినా, "45 రోజులు" అనే పదం "3 నెలలు"గా మారిన ప్రతులలోనే అది ఉండటం వల్ల, కర్త స్వయంగా చేసిన సవరణగానే భావించటం యుక్తం.