సెవెన్ సీటర్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: "కవలలంటున్నారు గదరా, ఇంకేం ఆలోచించకు. సెవెన్ సీటర్ తీసేసుకో. రీసేల్ కూడా బాగుంటుంది."

అవతారిక: మా మేనల్లుడి భార్యకు కవలలని స్కానింగులో తేలిన వారంలోపే ఈ సూత్రం వెలువడింది. సూత్రకర్త వాడి పెదనాన్నగారు. ఆయన పేరుతో మనకు పనిలేదు, ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆయన స్టీరింగు పట్టి ఏళ్లు గడిచాయి కనుక కార్ల విషయంలో ఆయన మాటకు అప్పీలు లేదు. సూత్రానికి మాటలు తక్కువుండాలి, సందేహానికి తావుండకూడదు, సారముండాలి. మొదటి రెండు లక్షణాలూ ఇందులో పుష్కలం. మూడోదాన్ని టీకలో విచారిస్తాం.

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. కారు కొనేవాడి చుట్టూ చేరేవాళ్లలో ఇంతవరకు ఎవరూ ఆ ప్రతిజ్ఞ పట్టిన దాఖలా లేదు. మేమూ పట్టడం లేదు.

టీక: "కవలలు" అన్నదానికి అర్థం సుబోధం, వదిలేస్తున్నాం. చిక్కంతా "గదరా" దగ్గరుంది. కవలలైతే ఏడు సీట్లు ఎందుకో సూత్రంలో లేదు, ఊహించుకోవాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరు, పిల్లలు ఇద్దరు, వెరసి నలుగురు. మరి తక్కిన మూడు సీట్లూ ఎవరివి? ఒకటి సూత్రకర్తది, రెండోది పెద్దమ్మది. మూడోది తిరుపతి అనగానే తయారయ్యే ఎవరో ఒకరిది. పుట్టబోయేవాళ్ల పేరు మీద జరిగేది ఈ పంపకం.

"సెవెన్ సీటర్": ఏడుగురూ కూర్చుంటే సామాను ఎక్కడ పెడతారన్నది శాస్త్రంలో అతి కఠినమైన ప్రశ్న. రెనో ట్రైబర్‌లో మూడో వరుస నిలబెడితే డిక్కీలో మిగిలే చోటు 84 లీటర్లు. ఆ వరుస ఊడదీస్తే 625. మారుతి ఎర్టిగాలో మూడు వరుసలూ ఉండగా 209. కవలల స్ట్రోలరు, డైపర్ల మూట, సీసాలు, ఫ్లాస్కు, ఉతికినవి, ఉతకాల్సినవి 84 లీటర్లలో సర్దగలవాడు మానవమాత్రుడు కాడు. కనుక మూడో వరుస పడుకునే ఉంటుంది. బ్రోచరులో ఏడు, రోడ్డు మీద ఐదు.

పోనీ డిక్కీ సంగతి మరిచి మూడో వరుస లేపారనుకుందాం. అక్కడికి పోవాలంటే సాధారణంగా రెండో వరుస సీటు మడవాలి. ఐసోఫిక్స్ కొక్కేలు చాలా బళ్లలో ఉండేది ఆ రెండో వరుస రెండు చివరలే, చైల్డ్ సీట్లు బిగించేదీ అక్కడే. చైల్డ్ సీటు బిగించిన సీటు మడవకూడదు. కాబట్టి పెదనాన్నగారు తన సీటుకు చేరాలంటే డిక్కీ తలుపు తెరుచుకుని పాకుతూ వెళ్లాలి. ఈ అర్థం సూత్రకర్త ఉద్దేశించినది కాదు, అయినా మూలానికి విరుద్ధం కాదు.

"అయితే రెండో వరుసలో విడివిడి కుర్చీలుండే సిక్స్ సీటర్ తీసుకుంటే?" అని శిష్యుడి ఆక్షేపం. బాగుంది, మధ్యలో సందు ఉంటుంది. కానీ తల్లి ఎక్కడ కూర్చోవాలి? సందులోనా?

విశేషం: ఇక్కడ కొంత ప్రసక్తానుప్రసక్తం. కవలల వాహనం గురించి మన దగ్గర అతి ప్రాచీన ప్రమాణముంది. అశ్వినీదేవతలు కవలలు, పైగా వైద్యులు. వాళ్ల రథానికి చక్రాలు మూడని, ఆసనాలు మూడని ఋగ్వేదం. మూడో చక్రం ఎందుకన్నదానికి ఎవరు ఏ వ్యాఖ్యానం చెప్పినా, అమీర్‌పేట చౌరస్తాలో ఒక్కసారి నిలబడినవాడికి సందేహం రాదు. అది ఆటో. ఇక ఇంజనుకు వద్దాం. పేరులోనే అశ్వాలున్న ఆ దేవతలు పందెంలో గాడిదలు పూన్చిన రథంతో గెలిచారని ఐతరేయ బ్రాహ్మణం చెబుతుంది. ఆ పరుగుతో గాడిదల వేగమంతా ఖర్చైపోయిందని కూడా అందులోనే ఉంది. హార్స్‌పవర్ అంకెలు చూసి మురిసిపోయే మేనల్లుళ్లు ఇది గమనించాలి. వాయువేగపు గుర్రాలు ఉండగా గాడిదలతో నెగ్గినవాళ్లు ఆ అశ్వినులు. మాద్రికి నకుల సహదేవులను ఇచ్చిందీ వాళ్లే. మా దృష్టిలో కవలల విషయంలో వాళ్లను మించిన అధికారులు లేరు.

ఆసనాలు మూడెందుకు? సూర్యుడి కూతురు సూర్య వాళ్ల రథమెక్కింది కనుక. ఇద్దరు కవలలు, ఒక స్త్రీ. ఆ రథంలో ఆవిడకంటూ ఒక చోటుంది. మన కార్లలో రెండు చైల్డ్ సీట్లు బిగించాక మధ్యలో మిగిలేది జానెడో, జానెడున్నరో. సిజేరియన్ కుట్లు మానని మనిషి ఆ సందులో ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు పెట్టి కూర్చోవాలి. ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరుగుదామంటే, ఒకడు ఏడిస్తే రెండోవాడు లేస్తాడు, బండి ఆపాలి. పసివాళ్ల సీటు వెనకవైపు తిరిగి ఉండాలి కనుక ఆమె వాళ్ల ముఖాలైనా చూడలేదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఆ సీటు పెట్టకూడదు. పొడుగాటి మేనల్లుడు డ్రైవింగ్ సీటు వెనక్కి జరుపుదామంటే వెనక సీటు అడ్డం. ఇవేవీ సూత్రంలో లేవు.

కవలలను మోస్తున్న తల్లిని రథమెక్కించిన ఘట్టం ఉత్తరకాండలో ఉంది. తోలింది సుమంత్రుడు, పక్కన లక్ష్మణుడు. ఆశ్రమాలు చూడాలన్న ముచ్చట తీరుతుందనుకుని సీత ఎక్కింది. ఎందుకు తీసుకెళ్తున్నారో గంగ దాటాకగానీ చెప్పలేదు.

"రీసేల్": పిల్లలింకా పుట్టలేదు, బండి ఇంకా కొనలేదు, అప్పుడే అమ్మేశారు. ఈ దూరదృష్టికి నమస్కారం. ఇదే ఇంట్లో సన్‌రూఫ్ వేరియంటుకు పైన ఇంకో లక్షైనా ఫర్వాలేదన్నారు. రెండు చైల్డ్ సీట్లు అనేసరికి, "ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సరిపోయేదానికి దుబారా" అన్నారు. ఇక్కడ మాకు టీక రావడం లేదు, కోపం వస్తోంది. గుద్దుకున్న క్షణంలో ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా ఎక్కిస్తే వెయ్యి రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో 194బి చేర్చింది 2019లో. ఆ చలానా పడ్డ ఇల్లు మా చుట్టాల్లో ఒక్కటీ లేదు. మేము రెండు సీట్లు మోసుకుని ఒక షోరూముకు వెళ్లి, బిగించి చూస్తామంటే సేల్స్ కుర్రాడు నివ్వెరపోయి మేనేజరును పిలిచాడు. "ప్లాస్టిక్ కవరు తీయకూడదు సార్. ఇలా ఎవరూ అడగరు, సన్‌రూఫ్ అడుగుతారు."

ఛందస్సు: నాలుగు మీటర్ల దగ్గర యతి. పెట్రోలు బండి అంతకు మించకుండా, ఇంజను 1200 సీసీ దాటకుండా ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. దాటితే 40. ఆ నియమానికి లొంగి అంత కురచ బండిలో మూడు వరుసలు కుక్కినవారి పాండిత్యం మెచ్చదగినదే. కవులూ గణాల కోసం కొన్ని మాటలను ఇలాగే నొక్కేవారు. ఆ మాటలకు మోకాళ్లు లేవు.

తాత్పర్యం: ఓయీ అబ్బాయీ! నీకు ఇద్దరు బిడ్డలు కలుగబోవుచున్నారు. కావున నన్ను తిరుపతి తీసుకొనిపోగల బండిని కొనుము, దానిని అమ్మునప్పుడు నష్టము రాకుండ చూచుకొనుము, అని భావము.

పాఠాంతరాలు: "సెవెన్ సీటర్" అన్నచోట "సీఎన్‌జీ" అని విజయవాడ బాబాయి పాఠం. సిలిండరు డిక్కీని మింగుతుంది గనుక అగ్రాహ్యం. టాటావారు 2023లో ఆల్ట్రోజ్‌కు ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి పెట్టారు, అక్కడా కవలలే. "ఇంకేం ఆలోచించకు" అన్నచోట "అమ్మాయిని ఓ మాట అడిగావట్రా" అని ఒక పాఠం ఉండాలని మా అనుమానం. వెతికాం. మాకు దొరికిన ఏ ప్రతిలోనూ లేదు.