బొగ్గుట్టలో నేను చూడనిది

ఇల్లెందులో ఉద్యోగం చేసినన్నాళ్లూ "ఇక్కడ చూడ్డానికేముంది?" అనేదే నా పాట. సెలవొస్తే చాలు, భద్రాచలమో పర్ణశాలో కిన్నెరసానో బస్సెక్కేసేవాణ్ణి. ఊరిని జనం బొగ్గుట్ట అని పిలుస్తుంటే వినడమే తప్ప, ఆ బొగ్గు సంగతేమిటో ఎవరినీ అడగలేదు.

అవనిగడ్డలో పెరిగినవాణ్ణి. మా దివిసీమలో నేలంటే పైనున్న ఒండ్రు. కాలవకు నీళ్లొస్తే నాట్లు పడతాయి. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే. నేల కింద నుంచి అన్నం పుడుతుందంటే నా బుర్రకెక్కలేదు. అది తెలియనితనం అనుకోవచ్చు. కానీ షిఫ్టు దిగి మసి మొహాలతో వచ్చేవాళ్లను చూసి, వీళ్లతో మనకేం మాటలుంటాయి అనుకున్నానే, దానికి మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.

మా అద్దె ఇంటి పక్కన ఒక పెద్దాయన ఉండేవారు. కోల్ ఫిల్లర్‌గా చేరి, తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు టబ్బులు నింపిన మనిషి. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి, వేపచెట్టు కింద మంచం వాల్చుకునేవారు. "జర కూసోండి సారూ, బాయి ముచ్చట చెప్త" అని పిలిచేవారు. బస్సుకు టైమైందని తప్పించుకునేవాణ్ణి. రిటైరై ఆయన సొంతూరు వెళ్లిపోయారు.

చాలా ఏళ్లకు సింగరేణి బొగ్గుగనుల చరిత్ర పుస్తకం చేతికొచ్చింది. భద్రాచలం వెళ్లే యాత్రికులు ఇల్లెందు దగ్గర నల్లరాళ్లతో పొయ్యి పెడితే రాళ్లే అంటుకున్నాయని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ ఆ బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి గనులన్నిటికీ పుట్టిల్లు ఆ ఊరే. మా దివిసీమ ఒండ్రు వయసు కొన్ని వేల ఏళ్లు. ఆ బొగ్గుది పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. దాన్ని చేత్తో ఎత్తినాయన నా పక్కింట్లో ఉంటే, నేను అదే భద్రాచలం దారిలో కిటికీ పక్క సీటు కోసం పరిగెత్తాను.

ఇప్పుడు అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. గని కప్పును కర్రతో తట్టి చప్పుడు వింటారట, కూలబోయే కప్పు చప్పుడు ఎలా ఉంటుంది? మొదటిరోజు దిగినప్పుడు ఇంట్లోవాళ్లకు ఏం చెప్పి వెళ్లారు? లోపల సద్ది ఎక్కడ కూర్చుని తినేవారు? టోపీ లైటు ఆరిపోతే దారెలా వెతుక్కునేవారు? తవ్వకం ఇప్పుడు ఎక్కువగా ఓపెన్‌కాస్టులకు మారింది. తట్ట పట్టినవాళ్లు తగ్గిపోతున్నారు. వెళ్లి ఆయన్నే అడుగుదామంటే, సొంతూరు ఏదని కూడా నేను అప్పుడు అడిగి ఉంచుకోలేదు.