కమ్మీ రేఖాచిత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము: ఇచ్చిన దత్తాంశమునకు తగిన స్కేలు తీసుకొని కమ్మీ రేఖాచిత్రము గీయుము.

టీక: ఇచ్చిన = ప్రశ్నపత్రము దయచేసిన; దత్తాంశమునకు = ఏడవ తరగతి పిల్లలు 40 మంది బడికి వచ్చు తీరునకు, అనగా నడక 16, సైకిలు 12, ఆటో 8, బస్సు 4 అను లెక్కకు; తగిన = గ్రాఫు కాగితమును దాటిపోనిదియు, అడుగున నక్కిపోనిదియు అగు; స్కేలు తీసుకొని = సెంటీమీటరుకు ఇంతమంది అని నిర్ణయించుకొని (పక్కవాని జామెట్రీ బాక్సులోని స్కేలు తీసుకొని అనుట వెనుక బెంచీవారి పాఠము); కమ్మీ రేఖాచిత్రము = వెడల్పును ఎడమును సమానముగా గల దీర్ఘచతురస్రముల వరుసను; గీయుము = పెన్సిలుతో గీయుము.

తాత్పర్యము: ఎక్స్ అక్షముపై ప్రయాణసాధనములను, వై అక్షముపై పిల్లల సంఖ్యను గుర్తించి, 1 సెం.మీ. = 2 మంది అనుకొన్నచో కమ్మీలు 8, 6, 4, 2 సెం.మీ. ఎత్తున లేచును. అక్షములకు పేర్లు, పటమునకు శీర్షిక, కుడిమూల స్కేలు వ్రాయవలెను.

విశేషము: "ఇచ్చిన" అనుటయే ఈ మూలమునందలి దోషము. లెక్క చేతికి వచ్చిన పిల్లవానికి అది పుట్టిన కష్టము తెలియదు. తరగతిలో వారిచేతనే లెక్కింపజేయవలెను. నాలుగు గీతలు నిలువుగా, అయిదవది అడ్డముగా గణన చిహ్నములు వేయుచుండగా ఒకడు లేచి, "సార్, నేను సోమవారం ఆటో, మిగతా రోజులు నడక" అనును. వానిని ఏ వరుసలో వేయవలెనను తగవుననే దత్తాంశము వర్గీకరించుట వచ్చును. పటము గీయుట ఆ పిమ్మటి పని.

"తగిన" అనునది మూలమునకు ప్రాణము. సెంటీమీటరుకు 20 మంది అన్నచో నడకవారి కమ్మీ సైతము చీమలపుట్టయంత. అంతకంటె ప్రమాదము, వై అక్షమును 0 నుండి కాక 3 నుండి మొదలిడుట. అప్పుడు నడక 13 గళ్లు, బస్సు ఒక్క గడి. నిజమునకు నాలుగోవంతైనది కంటికి పదమూడోవంతగును. అంకె ఒక్కటియు అబద్ధము కాదు, పటము మాత్రము అబద్ధము. ప్రకటనలు వేయువారికి ఈ విద్య బాగుగా తెలియును.

శంక: కమ్మీల నడుమ ఖాళీ ఏల? సమాధానము: సైకిలుకును ఆటోకును నడుమ కొనసాగింపు లేదు. 0-10, 10-20 అను మార్కుల తరగతులకు కలదు గనుక సోపాన చిత్రమున కమ్మీలు అంటుకొనియుండును.

కమ్మీ రేఖాచిత్రము 1786లో విలియం ప్లేఫెయిర్ గ్రంథమున కనబడును. స్కాట్లాండు ఎగుమతి దిగుమతులకు ఏటేటి లెక్కలు దొరకక, ఒక్క ఏటి లెక్కతో విధిలేక గీసినది. 1801లో వృత్త రేఖాచిత్రమును ఆయనయే గీసెను. అందు ఈ పిల్లలు తలకు 9 డిగ్రీల చొప్పున 144, 108, 72, 36 డిగ్రీలు ఆక్రమింతురు. అయినను ఎత్తులను పోల్చినంత తేలికగా కన్ను కోణములను పోల్చలేదు. కావున ఈ 40 మందికి కమ్మీయే తగినది.