పొగకు పన్ను, ఆవిరికి సంకెళ్ళు

మన ఊపిరితిత్తులంటే ఢిల్లీకి ఎంత ప్రేమో 2019 సెప్టెంబర్ 18న తెలిసింది. ఆరోజు కేంద్ర కేబినెట్ ఈ-సిగరెట్లను నిషేధించింది. యువతను కాపాడటానికేనని ప్రకటించింది ఎవరనుకున్నారు? ఆర్థిక మంత్రి! ఆ పూటే షేర్ మార్కెట్లో సిగరెట్ కంపెనీలు లేచి కూర్చున్నాయి. ఐటీసీలో ఎల్‌ఐసీకి పెద్ద వాటా ఉందని గుర్తుచేస్తే మనది పాడుబుద్ధి.

వేప్ అమ్ముతూ తొలిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అదే కిళ్ళీ కొట్లో లూజు సిగరెట్‌కు రాచమర్యాదే. ముట్టించుకోవడానికి తాడుకు లైటరు కట్టి మరీ పెడతారు. దాని మీద పన్నును ఏలినవారు స్కేలు పెట్టి కొలుస్తారు. 65 మిల్లీమీటర్లు దాటితే ఒక రేటు, 70 దాటితే ఇంకోటి. క్యాన్సర్ పొడవును బట్టి వస్తుందని ఏ డాక్టరు చెప్పాడో! రేటు పెరిగినప్పుడల్లా మనవాడు పొడుగుది వదిలి పొట్టిది, పొట్టిది వదిలి బీడీ అందుకుంటాడు. దమ్ము మాత్రం వదలడు.

అమెరికాలో మినసోటా రాష్ట్రం నిషేధం జోలికి పోలేదు. ఈ-సిగరెట్ టోకు ధర మీద 95 శాతం పన్ను బాదింది. ఆ పన్నే లేకపోతే మరో 32,400 మంది సిగరెట్ మానేసి ఉండేవారని తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. ఆవిరి ప్రియమైతే జనం పొగ దగ్గరే ఆగిపోయారన్నమాట. (ఆవిరీ అమృతమేం కాదు. బడిపిల్లల జేబుల్లో మామిడిపండు వాసనేసే నికోటిన్‌ను వెనకేసుకొచ్చే ఓపిక నాకు లేదు.) పన్నే అంత పని చేస్తే, జైలు ఇంకెంత చేస్తుందో ఊహించుకోండి.

ఇక బీడీ. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ కొలువుదీరి సిగరెట్‌కు 40 శాతం రాసి, బీడీని 28 నుంచి 18కి దించాలని తీర్మానించింది. పేదవాడి ఊపిరితిత్తులకు రాయితీ! బీడీ కార్మికుల పొట్టకూటి కోసమేనంటారు. నిజామాబాద్‌లో చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చుట్టే అక్కను అడగండి, ఆ పది శాతంలో ఆమె కూలికి చేరేదెంతో.

వేప్ కంపెనీలకు ఓ ఉచిత సలహా. కోర్టులూ లాబీయింగూ దండగ. మీ గొట్టానికి తునికాకు చుట్టి, దారం కట్టి కౌన్సిల్ ముందు పెట్టండి. ఆకు మీద 5 శాతమే.