మొండికత్తుల మాహాత్మ్యం

మడతపెట్టి జేబులో వేసుకోవడానికి వీల్లేకుండా, అలుగు పిడిలో కదలకుండా బిగిసి ఉండే కత్తిని వ్యాపార పరిభాషలో ఫిక్స్‌డ్ బ్లేడ్ అంటారు. ఇక్కడ అలుగంటే చెరువు నిండినప్పుడు నీళ్లు దూకే మత్తడి కాదు, కత్తిలో కోసే భాగం. ఈ నిర్వచనాన్ని అక్షరాలా పాటించవలసి వస్తే, తెలుగు నేల మీద అన్నిటికన్నా స్థిరమైన అలుగు కత్తిపీటకే ఉందని ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే అక్కడ కత్తి కదలదు, చేయి కత్తిని పట్టుకోదు, వంకాయే నడిచివచ్చి తెగిపోతుంది. అయినా అడవిలో విడిది చేయబోయేవారికీ, ఆపదలో ప్రాణం నిలుపుకోదలచినవారికీ అమ్మే సరుకుల్లో కత్తిపీటకు చోటు దొరకలేదు. అక్కడ కనిపించేది సర్వైవల్ కత్తి: నల్లరంగు పూసినది, వెన్ను మీద రంపపు పళ్లున్నది, తొడకు కట్టుకునే ఒరతో వచ్చేది, సైనిక ప్రమాణాలు కలదని డబ్బా మీద రాసి ఉన్నది, ఏ సైన్యానివో మాత్రం రాయనిది.

ఈ కత్తి చుట్టూ పెరిగిన విశ్వాసానికి మతానికి కావలసిన హంగులన్నీ సమకూరాయి. దానికొక ప్రళయం ఉంది. ఆ రోజు కరెంటు, రోడ్లు, దుకాణాలు, ప్రభుత్వం ఒక్కసారిగా మాయమై, అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉన్న గృహస్థుడు కీకారణ్యంలో ఒంటరిగా తేలతాడు, అతని చేతిలో మాత్రం చిత్రంగా ఈ కత్తి ఉంటుంది. దానికొక మూలమంత్రం కూడా ఉంది: ఒకే కత్తి అన్ని పనులూ చేయాలి, చెట్టు నరకాలి, కట్టె చీల్చాలి, గొయ్యి తవ్వాలి, మేకు కొట్టాలి, తీరిక దొరికితే ఉల్లిగడ్డ కూడా కోయాలి. జగిత్యాల జిల్లా బుగ్గారంలో ఏ రైతు ఇంటి వసారాలో చూసినా ఈ మంత్రానికి ఖండన గోడకు ఆనించి కనిపిస్తుంది. వరి కోయడానికి కొడవలి, కట్టెకు గొడ్డలి, మట్టికి గడ్డపార, కూరకు కత్తిపీట విడివిడిగా ఉండడం ఆ ఇంటివారికి ఒకే కత్తి కొనే తెలివి లేకపోవడం వల్ల కాదు. అమెరికాలో నెస్మక్ అనే కలంపేరుతో 1884లో వుడ్‌క్రాఫ్ట్ అనే పుస్తకం రాసిన జార్జ్ సియర్స్, తేలికైన చిన్న పడవలో అడవులు తిరిగిన మనిషి, ఆయన కూడా చిన్న గొడ్డలి, పలుచని ఒరకత్తి, జేబుకత్తి అని పనిని మూడు ముక్కలు చేసుకున్నాడే గాని, మూడింటినీ కరిగించి ఒకటిగా పోతపోయించుకోలేదు.

లోహశాస్త్రం కత్తిని ముఖ్యంగా రెండు గుణాలతో తూస్తుంది. ఒకటి కాఠిన్యం, అంటే అంచు నొక్కుకుపోకుండా, త్వరగా అరిగిపోకుండా నిలిచే శక్తి; రెండోది దెబ్బ తిన్నా పగలకుండా, పెచ్చు లేవకుండా తట్టుకునే శక్తి, దీనికి తెలుగులో మొండితనం అన్న మాట సరిగ్గా సరిపోతుంది. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచితే కాఠిన్యం వస్తుంది, కాని గాజులాగా పెళుసవుతుంది. దానిని మళ్లీ తక్కువ వేడి మీద కాచి కొంత కాఠిన్యం వదులుకుంటే మొండితనం వస్తుంది. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది కనుక, కత్తి చేయడమంటే ఈ రెండింటి మధ్య బేరం కుదర్చడమే. సర్వైవల్ కత్తుల వ్యాపారులు బేరాన్ని పూర్తిగా మొండితనం వైపు ముగించి, అది చాలదన్నట్టు అలుగును ఆరేడు మిల్లీమీటర్ల మందం చేసి, ఏ దెబ్బకూ చలించని కత్తిని లోకానికి ప్రసాదించారు. తెలుగు భాష ఈ కత్తులను చూడకముందే వాటి గుణదోషాలు తేల్చిపెట్టింది: మొండి అన్న ఒకే మాటకు లొంగనిది అనీ, తెగనిది అనీ రెండర్థాలు ఉంచుకుంది.

మందం సంగతి కొంచెం వివరంగా చూడవలసిందే, ఎందుకంటే భక్తులు కత్తిని కొలిచేది తూకపు రాళ్లతోనే. అలుగు మందం రెండింతలైతే వంగకుండా నిలిచే బిగువు ఎనిమిదింతలవుతుందన్నది నిజం. ఆ లెక్క గడ్డపారకు ఎంత మేలు చేస్తుందో ఉల్లిగడ్డకు అంత కీడు చేస్తుంది, ఎందుకంటే మందపాటి అలుగు దాని పొరల్లోకి దిగి కోయదు, మేకులాగా చొరబడి పగలగొడుతుంది. దీనికి జవాబుగా భక్తులు బాటనింగ్ అనే క్రతువును చూపిస్తారు. కత్తిని కట్టె మొదలు మీద నిలబెట్టి, దాని వెన్ను మీద ఇంకో కట్టెతో బాది, కట్టెను నిలువునా చీల్చడం దాని స్వరూపం. గొడ్డలి కనిపెట్టి వేల ఏళ్లయిన తర్వాత, గొడ్డలి లేని మనిషి గొడ్డలి పని చేయడానికి గొడ్డలి ఖరీదుకు ఎన్నో రెట్లు పోసి గొడ్డలి కాని వస్తువును కొని, దానిని కట్టెతో కొట్టి, అది విరగనందుకు పొంగిపోవడం ఈ క్రతువు ఫలశ్రుతి. గోదావరి గట్టున రాత్రి మంట వేయడానికి ఎండు పుల్లలు ఏరుకుంటే చాలు, అవి చేత్తోనే విరుగుతాయి.

మరో ప్రధాన సూత్రం తోకకు సంబంధించినది. అలుగు ఇనుము పిడిలోకి ఎంత దూరం పోతుందన్నది దీని విషయం. పిడి చివరిదాకా, పిడి వెడల్పంతా ఇనుమే ఉంటే దానిని ఫుల్ టాంగ్ అంటారు, అది లేని కత్తిని కత్తిగా గుర్తించడం నిషిద్ధం. స్వీడన్‌లోని మోరా ప్రాంతంలో చేసే చవక కత్తులు చాలావరకు పలుచనివి, వాటి తోక సన్నగా పిడి లోపలే ఆగిపోతుంది, అయినా ఉత్తర దేశాల మంచు అడవుల్లో వడ్రంగులు, వేటగాళ్లు వాటితోనే బతుకు వెళ్లదీస్తున్నారు. బుగ్గారం పొలాల్లో కొడవలి తోక కూడా సన్నదే. దానిని కాల్చి కట్టెపిడిలోకి దిగగొట్టి, పిడి పగలకుండా మూతికి పొన్ను, అంటే ఇనుప కట్టు, వేస్తారు. ఇంతకన్నా పెద్ద విడ్డూరం ఈ మతం పుట్టుకలోనే ఉంది. 1982లో వచ్చిన ఫస్ట్ బ్లడ్ సినిమాలో రాంబో చేతిలోని కత్తి చూసే లోకం సర్వైవల్ కత్తుల వెంట పడింది. ఆ కత్తి పిడి గొట్టంలాగా బోలుగా ఉండి, అందులో సూది, దారం, అగ్గిపుల్లలు ఇమిడేవి, కాబట్టి తోక పిడి పొడవునా సాగే అవకాశమే లేదు. మూలపురుషుడి ఆయుధమే శాస్త్రసమ్మతం కాకపోయినా భక్తికి ఏ లోటూ రాలేదు.

అన్నిటికన్నా సిగ్గుపడవలసిన అధ్యాయం దమస్కస్ అనే ముద్రది. అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు ఉన్న కత్తులను ఆ పేరుతో అమ్ముతున్నారు. రెండు రకాల ఉక్కు పట్టీలను పేర్చి, కాల్చి, మడిచి, సాగగొట్టి, చివరికి యాసిడ్‌లో ముంచితే ఆ గీతలు తేలతాయి. అది నేర్పున్న పనే, కాని పాతకాలపు దమస్కస్ ఖడ్గాల కీర్తికి కారణమైన ఉక్కు అది కాదు. ఆ ఉక్కును పాశ్చాత్యులు వూట్జ్ అన్నారు. కన్నడ, తెలుగు భాషల్లోని ఉక్కు అన్న మాటే పలుకు చెడి అలా మారిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ ఉక్కు పుట్టిన చోటు ఒకటి ఇక్కడే ఉంది. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి దాటి నిజామాబాదు దారి పడితే, పేరు వినగానే కమ్మరి గుర్తుకొచ్చే కమ్మర్‌పల్లి వస్తుంది. దానికి దగ్గరలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము ముక్కలు పెట్టి, మూతి మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. లాంబ్టన్ నడిపిన భూమి కొలతల సర్వే దళంలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయ్సీ ఈ పనిని కళ్లారా చూసి రాసిపెట్టగా, ఆ వర్ణన 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును పాళ్లు చూసి కలపడమూ, ఆ ముద్దలు కొనడానికి పర్షియా వర్తకుడు అంత దూరం రావడమూ అందులో ఉన్నాయి. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో వెతికినప్పుడు రెండు వందలకు పైగా చోట్ల పాత ఇనుము, ఉక్కు పనుల ఆనవాళ్లు, ముఖ్యంగా చిట్టెం కుప్పలు, అంటే ఇనుము కరిగించాక మిగిలే మలినపు గడ్డలు, బయటపడ్డాయి. ఒకప్పుడు పర్షియాలోని ఇస్ఫహాన్ వర్తకుడు ఏ సరుకు కోసం ఇక్కడిదాకా వచ్చాడో దాని పేరును, ఇప్పుడు ఇక్కడి యువకుడు ఎక్కడో అచ్చువేసిన గీతల మీద చదివి, డబ్బు ముందుగా చెల్లించి, పార్సిల్ ఎప్పుడు వస్తుందా అని గుమ్మంలో నిలబడుతున్నాడు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి: అసలు వూట్జ్‌లో కర్బనం చాలా ఎక్కువ కనుక అది వెన్ను మీద కట్టెతో బాదించుకునే జాతి కాదు, భక్తులకు అసలుది దొరికినా నచ్చేది కాదు.

కత్తి మీద నిజంగా బతుకు ఆధారపడిన మనిషిని చూడాలంటే ప్రళయం దాకా ఆగనక్కరలేదు, తెల్లవారుజామున తాటివనానికి వెళ్తే చాలు. కల్లు గీసే గౌడన్న నడుముకు కట్టుకుపోయే కత్తి వెడల్పుగా, పలుచగా ఉంటుంది. దానిని రాతిపొడి చల్లిన చెక్క మీద మళ్లీ మళ్లీ నూరుతారు, ఎందుకంటే గెలను రోజూ కాగితమంత పలుచగా చెక్కితేనే కల్లు కారుతుంది, మొండి అంచు తగిలితే గెల నలిగి పాడవుతుంది. అంత ఎత్తున అతని ప్రాణాన్ని పట్టి ఉంచేది ఆ కత్తి కాదు, నడుము చుట్టూ తిరిగిన మోకు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో ఇవ్వడం మొదలుపెట్టిన సామగ్రి కూడా తాళ్లు, బిగింపులే. సర్వైవల్ అన్న మాటకు అంతకన్నా యోగ్యమైన సరుకు లేకపోయినా దాని మీద ఆ ముద్ర లేదు. కోరుట్లలో బీడీలు చుట్టే స్త్రీ చిన్న కత్తెరతో తునికాకు కోసి ఇల్లు నడుపుతుంది. సిరిసిల్లలో సాంచా, అంటే మరమగ్గం, నడిపే కార్మికుడికి దారం తెంపడానికి వేలెడు బ్లేడు సరిపోతుంది. వీళ్లలో ఎవరికీ తొడకు కట్టుకునే ఒర అవసరం పడలేదు.

ఇక అడవి విషయం. ధర్మపురి దగ్గర గోదావరి దాటి ఉత్తరంగా పోతే వచ్చే కవ్వాల్ అభయారణ్యం 2012 నుంచి పులుల రక్షిత ప్రాంతం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాన్ని నిర్వచించినప్పుడు తుపాకులు, ఉచ్చులు, విషాలతో పాటు కత్తులనూ చేర్చింది. ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, అధికారం పొందిన అధికారి గాని ఇచ్చిన లిఖిత అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోరాదన్నది అదే చట్టం మాట. అంటే అడవి కోసమే పుట్టిన కత్తి అడవి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆయుధ చట్టపు నియమావళి కూడా అలుగు 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా ఆ కత్తిని ఆయుధాల పట్టీలో చేర్చి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మాత్రం మినహాయించింది; కొడవలి, కత్తిపీట చట్టం కళ్లలో పెద్దమనుషులుగా మిగిలాయి. పైగా మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే ఈ ప్రాంతంలో మనిషిని నిలిపేది నీళ్ల సీసా, నెత్తిమీద తువ్వాల. పాము కరిస్తే గాటు పెట్టి రక్తం తీయాలన్న పాత నమ్మకం వల్ల విషం పోదు, గాయం పెరుగుతుంది, ఆస్పత్రికి చేరే సమయం పోతుంది. అక్కడ కావలసింది విషానికి విరుగుడు మందు, దానికి తొందరగా చేర్చే బండి. సర్వైవల్ కత్తి ఆ సమయంలో ఒరలోనే ఉండడం వల్ల ఒక ప్రాణాన్ని నిజంగా కాపాడవచ్చు.

కొన్ని నెలలకు, టేపులు, అట్టపెట్టెలు, ఒకటి రెండు మామిడికాయలు కోసిన తర్వాత, ఆ మహాఖడ్గం కూడా అందరి కత్తుల లాగానే మొక్కపోతుంది. దాన్ని నూరడం నేర్చుకోవాలని డబ్బా మీద ఎక్కడా రాసి ఉండదు కనుక, యజమాని దానిని బుగ్గారంలోనో ధర్మపురిలోనో మిగిలి ఉన్న కమ్మరి కొలిమి దగ్గరికి తీసుకుపోతాడు. లారీ కమాను పట్టీ ముక్కను సాగగొట్టి ఊరందరి కొడవళ్లు చేసే ఆ మనిషికి, అదే జాతి స్ప్రింగు ఉక్కుకు అంకెలు తగిలించి విదేశాల్లో మేలిరకంగా అమ్ముతారని తెలియదు. అతను కత్తిని అటూ ఇటూ తిప్పి, వెన్ను మందాన్ని బొటనవేలితో కొలిచి, గౌరవంగానే అడిగే మాట ఒక్కటే ఉంటుంది: "గింత ఇనుముల రెండు కొడవండ్లు అయితయి గదా సారూ, చెయ్యాల్నా?"