ముప్పై గంటల మహాభాష్యం

సకలవిద్యాధురంధరులు, క్రెడిట్ల కల్పవృక్షాలు, అంతర్జాతీయ సంబంధాల ఎమ్మే విద్యార్థికి విదేశీ భాష తప్పనిసరి అని ఘనంగా శాసించి, ఆ తప్పనిసరి ఎవరికీ తగలకుండా కాపాడిన కరుణాసముద్రులు, మా బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలకు శతకోటి వందనాలు.

క్రెడిట్‌కు 15 గంటల చొప్పున రెండు క్రెడిట్లకు 30 గంటలు. ఈ లెక్క మహత్తు తెలియాలంటే అమెరికావారి అమాయకత్వం చూడాలి. చైనీస్‌ గాని అరబిక్‌ గాని ఉద్యోగానికి పనికొచ్చేలా రావాలంటే 88 వారాలు, 2200 గంటల తరగతులు కావాలని వాళ్ళ విదేశాంగ శిక్షణ సంస్థ తేల్చుకుంది, పాపం. అంత సంపన్న దేశానికి తమవంటివారు ఒక్కరూ దొరకలేదు. మన విదేశాంగ సర్వీసు కూడా తక్కువ తినలేదు. కొత్తగా చేరిన అధికారికి ఒక భాష కేటాయించి, ఆ భాష మాట్లాడే దేశానికే పంపి, పరీక్ష గట్టెక్కితే తప్ప ఉద్యోగం ఖాయం చేయదట. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తేలిపోయే పనికి ఎంత ఆర్భాటం!

ఆ శనివారపు తరగతి వైభవం చూసి తరించాల్సిందే. మిగతా పేపర్లన్నీ కాదనుకున్న గది, గంటల లెక్కన జీతమందే గెస్ట్ లెక్చరర్, తాళం తీస్తే పాడవుతుందని భద్రంగా మూసి ఉంచిన లాంగ్వేజ్ ల్యాబ్, నోట్‌బుక్‌లో ముత్యాల్లాంటి తెలుగు అక్షరాల్లో 'బోఁజూర్, జ మాపెల్ రాజు'. పరీక్షకు వచ్చే సంభాషణలు ముందే ఇచ్చేస్తారు కనుక ఫ్రెంచివారితో మాట్లాడవలసిన దుర్గతి ఎవరికీ పట్టదు. ఇంటర్మీడియట్‌లో సంస్కృతాన్ని తెలుగు లిపిలో రాసి నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకున్న మన బిడ్డలకు ఇది ఉగ్గుపాలతో అబ్బిన విద్యే లెండి.

ఇక సిద్ధాంత వ్యాసాల సొగసు చెప్పతరమా! చైనాతో మనకు 3,488 కిలోమీటర్ల సరిహద్దు ఉందని మొదటి పేజీలో గంభీరంగా ప్రకటించి, తక్కిన పేజీలన్నీ లండన్‌లోనూ వాషింగ్టన్‌లోనూ అచ్చయిన పుస్తకాలతో నింపి, బీజింగ్ ఆంతర్యాన్ని అరచేతిలో పెట్టి చూపే ఆ యువ పండితుల ముందు చైనా దినపత్రిక ఒకటి పరచండి. ఏ వైపు పైనో, ఏ వైపు కిందో తెలియని ఆ నిర్వికార స్థితి మునులకైనా సాధ్యమా! మూలం చదివితే నిష్పాక్షికత చెడుతుందని తమరు ముందే గ్రహించారు.

ఇంతటి క్రమశిక్షణ లేకపోతే ఏమవుతుందో కళ్ళముందే ఉంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఒక్క క్రెడిట్ లేకుండా, ఏ బోర్డు అనుమతీ లేకుండా, ఇటుకలు మోస్తూ, బండ్లు నడుపుతూ అరబిక్‌లో బేరాలాడుతున్నారు. పీవీ నరసింహారావుగారు విదేశాంగ మంత్రిత్వమూ చేశారు, స్పానిషూ మాట్లాడారు. అలాంటి అతి తమ విద్యార్థుల్లో ఒక్కరికీ సోకలేదు. ఆ ఘనత అచ్చంగా తమదే.

కనుక పెద్దలకు ఒక్కటే విన్నపం. వచ్చే సమావేశంలో ఆ 30 గంటలను 15కు తగ్గించి, మార్కుల మెమోలో 'విదేశీ భాషా ప్రావీణ్యం' అన్న మాటను ఇంకాస్త పెద్ద అక్షరాల్లో వేయించండి. ఇంగ్లీషులోనే వేయించండి, విదేశీయులు చదువుకోవాలి కదా.